చేయి చాచనక్కరలేని క్రాష్: బూమ్ సింబల్ స్టాండుతో ఒక ఏడాది

గుంటూరులో మా చర్చి వేదిక మీద ఉన్న అయిదు డ్రమ్ముల కిట్టుకు పోయిన ఏడాది ఒక బూమ్ సింబల్ స్టాండు (కర్రతో కొట్టే కంచు పళ్లెం, అంటే సింబల్‌ను మోసే స్టాండు) కొన్నాము. కాళ్లకు రెండేసి పట్టీలు, మూడు ముక్కల నిలువు గొట్టం, దాని తలపై పక్కకు వంగే బూమ్ చేయి, చేయి చివర సింబల్‌ను వాల్చడానికి టిల్టర్ ఉన్నాయి. అక్కరలేదనుకుంటే బూమ్ చేయి గొట్టం లోపలికి జారిపోయి మామూలు నిటారు స్టాండుగా మారుతుంది. ధర 4,800 రూపాయలు పడింది. తయారీదారు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే నిర్మాణం ముద్ర మాత్రం మార్చుకుని నాలుగైదు పేర్లతో దుకాణాల్లో కనిపిస్తున్నది. కనుక ఇది ఆ రకం స్టాండు మీద సమీక్ష అనుకోవాలి.

కొనవలసిన అవసరం నా కుడి భుజం నుంచి వచ్చింది. పాటలో ఊపు కోసం గట్టిగా కొట్టే 16 అంగుళాల క్రాష్ సింబల్ అప్పటిదాకా నిటారు స్టాండు మీద, హై-హాట్‌కూ (కాలితో మూసి తెరిచే జంట సింబళ్లు) మొదటి టామ్‌కూ (చేతికి అందే ఎత్తులో అమర్చే డ్రమ్ము) మధ్య ఉండవలసిన చోట కాక, వాటి వెనకాల ఒక జానెడు దూరంలో ఉండేది. దగ్గరకు జరుపుదామంటే స్టాండు కాళ్లు హై-హాట్ కాళ్లలో చిక్కుకునేవి. ఆ జానెడు దూరం చిన్నదిగానే కనిపిస్తుంది కాని, రెండు గంటల ఆదివారపు ఆరాధనలో ప్రతి పల్లవి మొదట్లోనూ నడుము ముందుకు వంచి, మోచేయి భుజం కన్నా పైకి లేపి ఆ సింబల్‌ను అందుకోవలసి వస్తే, సాయంత్రానికి చొక్కా విప్పుకోవడం కూడా కష్టమయ్యేది. పదకొండేళ్లు అలాగే వాయించాను, నా సాధన లోపమే అనుకున్నాను.

ఈ స్టాండు అసలు ప్రయోజనం ఇక్కడే ఉన్నది. కాళ్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడతాయి, సింబల్ మాత్రం చేతికి కావలసిన చోటుకు వస్తుంది. మా కిట్టులో స్టాండు కాళ్లు కాలి పెడల్‌తో కొట్టే పెద్ద బేస్ డ్రమ్ముకు ముందుగా, ఎడమ పక్కన ఉంటాయి. అక్కడి నుంచి బూమ్ చేయి టామ్ మీదుగా వెనక్కి వచ్చి క్రాష్‌ను నా ముందుకు తెస్తుంది. తొలి రోజుల డ్రమ్మర్లు సింబల్‌ను బేస్ డ్రమ్ము చట్రానికి బిగించిన వంకర కమ్మీకి వేలాడదీసుకునేవారు. దానితో పోలిస్తే మనకున్న వెసులుబాటు రాజభోగమే.

అయితే స్టాండు కొన్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదని మొదటి వారంలోనే తెలిసింది. ఉన్న సింబళ్ల మధ్యనే దానిని ఇరికించి, ఆ తరువాత స్టూలు సర్దుకున్నాను. మళ్లీ చేయి అందలేదు. చివరకు కిట్టు మొత్తం విప్పి, స్టూలుతో మొదలుపెట్టాను. తొడలు మోకాళ్ల వైపు కొద్దిగా వాలేలా ఎత్తు చూసుకుని, పాదాలను రెండు పెడళ్ల మీద సహజంగా ఆనించి, స్నేర్‌ను (కిట్టులో ప్రధానమైన చిన్న డ్రమ్ము) మోకాళ్ల మధ్యకు తెచ్చుకున్న తరువాత కళ్లు మూసుకుని, మోచేయి ఒంటికి దగ్గరగానే ఉంచి, క్రాష్ కొడుతున్నట్లు స్టిక్కు ఊపాను. స్టిక్కు ఆగిన చోట గాలిలోనే ఉంచమని పక్కనున్న కుర్రవాడి చేతికి సింబల్ ఇచ్చి, స్టాండును దాని దగ్గరకు తెచ్చి బిగించాము. నవ్వులాటగా కనిపించిన ఆ పద్ధతితో సింబల్ నేను ఊహించిన దానికన్నా నాలుగు వేళ్లు కిందకూ, బాగా కుడికీ వచ్చింది.

బూమ్ చేయికి ఒక నియమం ఉన్నది: మూడు కాళ్లలో ఒకటి కచ్చితంగా ఆ చేయి కిందే, అది చూపే దిక్కుకే ఉండాలి. సింబల్ బరువు కేంద్రం నుంచి ఎంత దూరం జరిగితే స్టాండును అంత బలంగా పక్కకు లాగుతుంది. రెండు కాళ్ల మధ్య సందులోకి చేయి చాపితే ఆ లాగుడును ఆపేది ఏదీ లేదు. ఇది తెలిసీ ఒక రిహార్సల్లో తొందరపడి స్టాండు కాలు తిప్పకుండా బూమ్ చేయి చాపాను. గట్టిగా కొట్టిన మూడో దెబ్బకు స్టాండు ఒరిగి, క్రాష్ అంచు టామ్ ఇనుప చట్రానికి తగిలింది. తప్పు నాదే. కాలు సరిగ్గా పెట్టిన తరువాత ఏడాదిలో ఒక్కసారి కూడా కదలలేదు.

వాలు విషయంలో మాత్రం స్టాండుకు పూర్తి మార్కులు వేయలేను. దీని టిల్టర్ లోపల పళ్లు ఉన్నాయి. ఒక పన్నుకూ ఇంకో పన్నుకూ మధ్య ఉన్న కోణం దొరకదు. పెర్ల్ సంస్థ యూని-లాక్ లాంటి పళ్లు లేని టిల్టర్లలో ఈ ఇబ్బంది ఉండదు. ఈ పట్టింపు చాదస్తంలా అనిపించవచ్చు. క్రాష్‌ను బాగా ఎత్తులో బల్లపరుపుగా పెడితే స్టిక్కు నేరుగా అంచుకు ఎదురుగా తగులుతుంది. స్టిక్కు నలిగిపోవడమే కాక సింబల్ అంచున చీలిక పడుతుంది. మరీ నిటారుగా వాలిస్తే సింబల్ స్వేచ్ఛగా ఊగలేదు, బరువంతా రంధ్రంలో ఒకే పక్క పడి, అక్కడ తాళంచెవి కన్నం ఆకారంలో అరుగుతుంది. వాయించేవాడి వైపు కొద్దిపాటి వాలుతో ఉంచి, స్టిక్కు భుజంతో (కొనకు కాస్త కింద సన్నబడే భాగం) పక్కకు రాసినట్లు కొడితే శబ్దం తెరుచుకుంటుంది, లోహమూ బతుకుతుంది. నాకు కావలసిన వాలు రెండు పళ్ల నడుమ ఉన్నది. మిగిలిన తేడాను బూమ్ చేయి కోణంతో సర్దుకున్నాను.

ఆ రంధ్రం మాట వచ్చింది కనుక చెబుతున్నాను, స్టాండుతో వచ్చిన ప్లాస్టిక్ తొడుగు మూడు నెలలకే చీలిపోయింది. తొడుగు లేకుండా సింబల్ ఇనుప కడ్డీకి రాసుకుంటే అరుగుదల మొదలైనట్లే. చేపల తొట్టెకు వాడే సన్నని గొట్టం అంగుళంన్నర ముక్క కోసి తొడిగాను, ఇప్పటికీ అదే ఉన్నది. ఫెల్టు వాషర్లు మందంగా, బాగానే ఉన్నాయి. పైనున్న వింగ్ నట్టును మాత్రం సింబల్ ఊగేంత వదులుగా ఉంచాలి. మా దగ్గరున్న, మర తిప్పకుండానే తీసి పెట్టగలిగే క్విక్ రిలీజ్ నట్లు 6 మిల్లీమీటర్ల మరకు సరిపోయేవి, ఈ కడ్డీ మర 8 మిల్లీమీటర్లది. కొనేవారు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

20 అంగుళాల రైడ్‌కు (లయ ఆపకుండా వాయించే పెద్ద సింబల్) కూడా దీనినే వాడి చూశాను. బూమ్ చేయి పూర్తిగా చాపితే బరువైన రైడ్ ప్రతి దెబ్బకూ ఊగి, స్టిక్కు కింద నిలకడగా ఉండదు. చేయి లోపలికి తోసి నిటారు స్టాండుగా మార్చి, బేస్ డ్రమ్ముకు కుడి పక్కన తక్కువ ఎత్తులో నిలబెడితే హాయిగా ఉన్నది. అసలు రైడ్‌ను దూరం చేసేది స్టాండు కాదు, రెండో టామ్. ఆరాధన పాటల్లో ఆ టామ్ నాకు ఎన్నడూ అక్కరకు రాలేదు. దానిని తీసేసి ఆ ఖాళీలోకి రైడ్‌ను జరిపిన రోజు నుంచి మోచేయి ఒంటిని ఆనుకునే ఉంటున్నది, రైడ్ నడిమి గుబ్బ కూడా మణికట్టు తిప్పితే అందుతున్నది. కిట్టు చిన్నదైపోయిందని క్వయర్ పిల్లలు నొచ్చుకున్నారు. సింబళ్లను మరీ దించినా చిక్కే, టామ్ మైకులోకి వాటి మోత దూరి సౌండ్ చూసుకునే ఆయన తల పట్టుకుంటాడు.

మా కిట్టు మీద నాతోపాటు మరో ఇద్దరు వాయిస్తారు. వారిలో ఒకడు ఎడమచేతి వాటం కుర్రవాడు. బిల్లీ కోభమ్, సైమన్ ఫిలిప్స్ వంటి డ్రమ్మర్లు రైడ్‌ను ఎడమ పక్కన పెట్టుకుని చేతులు కత్తెర వేయకుండా వాయించిన తీరు అతనికి నచ్చింది. కనుక వారం మధ్యలో అన్నీ తారుమారవుతాయి. ఇలాంటి చోట ఎత్తు గుర్తుంచుకునే మెమరీ లాక్ ప్రతి కీలు దగ్గరా ఉండాలి. ఈ స్టాండులో ఒక్క చోటే ఉన్నది. మిగిలిన గొట్టాల మీద మార్కరుతో గీతలు గీసి, కాళ్లు ఉండే చోట తివాచీ మీద రంగు టేపు అంటించాము. నాది ఎరుపు, అతనిది నీలం. పాత అమరికకు రావడానికి ఇప్పుడు అయిదు నిమిషాలు చాలు.

ఊళ్లలో సువార్త సభలకు ఆటోలో వేసుకుని పోయేటప్పుడు మాత్రం దీని బరువు తెలుస్తుంది. రెండు పట్టీల కాళ్లు, బూమ్ చేయి కలిసి పాత నిటారు స్టాండు కన్నా బాగా బరువు. సింబల్‌ను ఛాతీ ముందుకు తెచ్చుకోవడానికి కాళ్లు అడ్డురాని చిన్న కిట్టు ఉన్నవారు ఈ బరువు మోయనక్కరలేదు, డబ్బూ మిగులుతుంది. కాళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకునే కిట్టు అయితే, ర్యాక్ (డ్రమ్ములనూ సింబళ్లనూ మోసే ఒకే చట్రం) కొనే ఆలోచన చేయకముందు ఇలాంటి స్టాండు ఒకటి తెచ్చి చూడమంటాను.

టిల్టర్ పళ్లలో రెండు ఈ మధ్య అరిగి, గట్టి దెబ్బకు క్రాష్ ఒక మెట్టు కిందకు జారుతున్నది. టిల్టర్ విడిగా దొరకదని దుకాణదారు చెప్పాడు. ప్రస్తుతానికి ఆ పళ్లు రాని పక్కకు తిప్పి బిగించుకుని, స్టూలును అర అంగుళం దించి వాయిస్తున్నాను.