100 మి.లీ. టెఫ్లాన్ లైనర్ ఆటోక్లేవ్: కేఎన్‌ఎన్ పొడి చేసేవాళ్ల కోసం రివ్యూ

సీసం లేని పీజో పదార్థాల్లో (నొక్కితే విద్యుత్తు పుట్టించేవి) ఎక్కువమంది చేతికొచ్చేది పొటాషియం సోడియం నయోబేట్, వాడుకలో కేఎన్‌ఎన్. దాని పొడిని ద్రావణంలోనే తయారుచేయాలంటే ముందు కొనాల్సింది ఆటోక్లేవ్, అంటే గట్టిగా మూత బిగించి ఒత్తిడిలో వేడిచేసే ఈ స్టీలు కుండే. బయట మందపాటి స్టీలు ఒళ్లు, మర మూత, లోపల టెఫ్లాన్ కప్పు (దీన్నే లైనర్ అంటారు), దానికో టెఫ్లాన్ మూత, పైనా కిందా ఒక్కో స్టీలు బిళ్ల, బిగించడానికి ఒక కడ్డీ. ఎవరు అమ్మినా నమూనా దాదాపు ఇదే. కేటలాగులో రాసేదీ ఇంచుమించు ఒకటే: 220 డిగ్రీలు, 3 మెగాపాస్కల్ (30 బార్).

ఆ 220ని చివరి హద్దు అనుకోండి, రోజూ నడిపే వేడి అనుకోవద్దు. కేఎన్‌ఎన్‌కి 200 డిగ్రీలు చాలు. ఆ వేడి దగ్గర నీటి ఆవిరి పీడనం 15.5 బార్, 220 దగ్గర 23 దాటుతుంది. స్టీలుకి ఈ రెండూ ఒక లెక్కలోవి కావు. తేడా పడేది టెఫ్లాన్‌కి. వేడిలో మెత్తబడి, ఒత్తిడికి మెల్లగా సాగిపోతుంది. మూత అంచు ఒకసారి ఆకారం తప్పితే మళ్లీ సరిగ్గా కూర్చోదు. అందుకే ఈ వస్తువు మంచిచెడ్డలు చెప్పేది స్టీలు మెరుపు కాదు, లైనర్ మూత. కప్పులోకి మూత నొక్కితే కొంచెం బిగువుగా దిగాలి, తీసేటప్పుడు గాలి పీల్చిన చప్పుడు రావాలి. వేలితో తోస్తే గిర్రున తిరిగే మూతని అక్కడే వెనక్కిచ్చేయండి.

కొన్నాక మొదటి పరీక్ష నీళ్లతోనే. 60 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, బిగించి, మొత్తం కుండ బరువు రాసుకుని 200 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. చల్లారాక మళ్లీ తూచండి. ఒక గ్రాముకి మించి తగ్గితే ఆ లైనర్ క్షారానికి పనికిరాదు.

60 మి.లీ.కే ఎందుకు ఆగాలంటే, నీరు 200 డిగ్రీలకి వచ్చేసరికి సుమారు 15 శాతం ఉబ్బుతుంది. 60 పోస్తే 69 అవుతుంది, 80 పోస్తే 92. అదే 90 పోస్తే 103 దాటి, ఆవిరికి చోటే మిగలదు. అప్పుడు పెరిగేది ద్రవ పీడనం, దానికి 3 మెగాపాస్కల్ ఓ హద్దే కాదు.

ఇక సరుకు లెక్క. మొత్తం క్షారం 6 మోలార్ (లీటరుకి 6 మోల్‌లు), పొటాషియం సోడియం నిష్పత్తి 3:1 పెట్టుకుంటే 60 మి.లీ.కి కేవోహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) గింజలు 17.8 గ్రాములు, ఎన్‌ఏవోహెచ్ (సోడియం హైడ్రాక్సైడ్) 3.7 గ్రాములు, నయోబియం పెంటాక్సైడ్ 2.66 గ్రాములు. కేవోహెచ్ తూకం ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది: మామూలు గింజల్లో అసలు సరుకు 85 శాతమే, మిగతాది చాలావరకు నీరు. సీసా మీది ఈ అంకె చూడకుండా తూచినవాళ్ల బ్యాచ్‌లో పొటాషియం తక్కువ పడుతుంది. ప్లాస్టిక్ బీకరులో 45 మి.లీ. నీళ్లు ముందు పోసి, గింజలు కొంచెం కొంచెంగా వేయండి. గింజల మీద నీళ్లు పోస్తే మరిగి చిమ్ముతుంది. గాజు వద్దు, క్షారం దాన్ని కరిగించి సిలికాని పొడిలోకి తెస్తుంది. చల్లారాక 60కి సరిచేసి, ఆక్సైడ్ వేసి గంటసేపు కలిపి, వెంటనే లైనర్‌లో పోయాలి. ఆలస్యమైతే అడుగున పేరుకుంటుంది. కుండలో కలిపే ఏర్పాటు లేకపోవడం దీని అసలు లోపం.

200 డిగ్రీల్లో 24 గంటలు. ఓవెన్ మీటరు 200 చూపించినా లోపలి ద్రావణం ఆ వేడికి రావడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఆరు గంటల ప్రయోగాల్ని పోల్చేటప్పుడు ఇది మరిచిపోతే ఫలితాలు కలవవు. ఆగిపోయిన ప్రయోగంలో పొడి మైక్రోస్కోపు కింద పోగుల్లా కనిపిస్తే అది నీరున్న సోడియం నయోబేట్, మధ్య దశ. ఘనాకారపు గింజలు వస్తేనే పెరోవ్‌స్కైట్, అంటే మనకి కావాల్సిన కేఎన్‌ఎన్ స్ఫటిక రూపం, అయినట్టు.

నష్టం లేకుండా జరిగితే 3.44 గ్రాముల పొడి రావాలి. అంటే 10 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం ఉన్న, నొక్కి కాల్చిన బిళ్లలు తొమ్మిదో పదో. కార్బోనేట్, ఆక్సైడ్ పొడులు కలిపి కాల్చే సాలిడ్ స్టేట్ పద్ధతిలో ఒక్క బ్యాచ్‌లో తీసే పొడి ముందు ఇది పిసరంత. అయితే తేమ పీల్చే కార్బోనేట్లతో గొడవ ఉండదు, పొడిని 850 డిగ్రీల్లో కాల్చే కాల్సినేషనూ తప్పుతుంది. లవణాల్ని సిట్రిక్ ఆమ్లంతో జెల్‌గా మార్చి కాల్చే సిట్రేట్ జెల్ దారికి కావాల్సిన నయోబియం ఆక్సలేట్ లవణం ఖరీదెక్కువ, పైగా అందులో నీరెంతుందో ప్రతి సీసాకీ కాల్చి చూసుకోవాలి.

పొడిలో పొటాషియం, సోడియం మీరు పోసిన నిష్పత్తిలో ఉండవు. సోడియం ముందు ఎక్కేస్తుంది, అందుకే 3:1. అదీ మొదలుపెట్టడానికే. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్-రే పరీక్ష) శిఖరాలు జంటలుగా చీలితే, సోడియం ఎక్కువున్నది, పొటాషియం ఎక్కువున్నది విడివిడిగా ఏర్పడ్డాయేమో చూడండి. నిష్పత్తి 4:1 వైపు జరిపి మళ్లీ చేయాలి. నీళ్లతో పీహెచ్ 7-8 వచ్చేదాకా కడిగి, ఆఖరుసారి ఇథనాల్‌తో కడిగి, 80 డిగ్రీల్లో ఆరబెట్టాక 600 డిగ్రీల్లో ఒకసారి వేడిచేయండి. స్ఫటికంలో చిక్కుకున్న హైడ్రాక్సిల్ (ఓహెచ్) అప్పుడు పోకపోతే బిళ్ల కాల్చేటప్పుడు పోయి రంధ్రాలు మిగులుస్తుంది.

చల్లారకముందు తెరవద్దు, నీళ్లలో ముంచి చల్లార్చొద్దు. స్టీలు కంటే టెఫ్లాన్ చాలా ఎక్కువ కుంచించుకుపోతుంది, మూత వదులై వేడి క్షారం బయటికొస్తుంది. మరల మీద తెల్లటి పక్కు కనిపిస్తే అది గాలి తగిలి కార్బోనేట్ అయిన క్షారం, అంటే లైనర్ కారుతోంది. పొడి లేత గోధుమరంగులోకి తిరిగితే ఇనుము కలిసిందని అనుమానించాలి. ఆ పొడితో బిళ్లలు చేయడం దండగ.

స్టీలు ఒళ్లు ఒకటి, లైనర్లు మూడు కొనుక్కోండి, ఒక్కో మిశ్రమానికి ఒక్కోటి. విడి లైనర్ వేరే చోట తీసుకుంటే ఎత్తు కొలవండి. ఒక్క మిల్లీమీటరు తక్కువున్నా మర బిగిసినట్టే ఉంటుంది కానీ మూత మీద ఒత్తిడి పడదు. వాషర్ వేసి సర్దకండి, మార్పించుకోండి.