‘ఒరిజినల్ విండోస్’ అని అమ్మే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లతో జాగ్రత్త

భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనబోయేవారు డబ్బు చేతికివ్వక ముందే ఇది చదవండి.

భీమవరంలో ఒక దుకాణంవారు ‘విండోస్ 11 ప్రో ఒరిజినల్’ అని బిల్లు మీద రాసి మరీ మాకు ఒక మెషీన్ అమ్మారు. రొయ్యల చెరువుల మేత లెక్కలు, సీడు, మందుల ఖాతాలు అన్నీ అందులోనే. సరిగ్గా రొయ్యల పట్టుబడి రోజుల్లో ‘విండోస్‌ను యాక్టివేట్ చేయండి’ అని, అంటే లైసెన్స్ ధ్రువీకరణ లేదని, తెర మీద పడింది. చూస్తే వైరస్‌లను ఆపే డిఫెండర్‌ను కూడా ఎవరో ముందే ఆపి ఉంచారు. దుకాణానికి తీసుకెళ్తే మళ్లీ ఫార్మాట్ చేయాలి, చార్జీ అవుతుంది అన్నారు. ఒరిజినల్ అయితే చార్జీ ఎందుకని అడిగితే జవాబు లేదు.

అసలు సంగతి ఇది. పెద్ద సంస్థలు తమ కంప్యూటర్లన్నిటినీ సొంత సర్వర్ నుంచి యాక్టివేట్ చేసుకోవడానికి కేఎంఎస్ అనే పద్ధతి ఉంది. అలా చేసిన యాక్టివేషన్ 180 రోజులే చెల్లుతుంది, సర్వర్‌ను మళ్లీ మళ్లీ పలకరించి పొడిగించుకోవాలి. ఆ సర్వర్‌లా నటించే దొంగ ప్రోగ్రామును మన మెషీన్‌లో పెడతారు. డిఫెండర్ దాన్ని పట్టేస్తుంది కాబట్టి డిఫెండర్‌నే ఆపేస్తారు. మనం బ్యాంకు పాస్‌వర్డు కొట్టేది ఆ మెషీన్ మీదే! నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు, దీని గురించి.

విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ గాని ఆ తర్వాతది గాని కావాలి. మాకు అంటగట్టింది ఐ5-6300యు, అంటే ఆరో తరం. విండోస్ 11 ఎక్కించేటప్పుడు జరిగే ఈ తనిఖీని తప్పించి ఎక్కించిన ఇలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది కాబట్టి, పాత సరుకును ఇలా వదిలించుకుంటున్నారని నా అనుమానం.

దుకాణంలోనే సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ తెరిచి చూడండి. మీ సొంత మెషీన్ ఏదో సంస్థ యాక్టివేషన్ సర్వీసుతో నడుస్తున్నట్టు కనిపిస్తే కొనకండి. ‘డిజిటల్ లైసెన్స్’ అని ఉన్నా, ఆ లైసెన్స్ ఎక్కడిదో బిల్లులో రాయమనండి.

ముందు మీ పని ఏమిటో తేల్చుకోండి. ట్యాలీలో లెక్కలు రాసేవారికి, అను ఫాంట్లతో శుభలేఖలు వేసే డీటీపీవారికి విండోస్ తప్పదు. వారు లైసెన్స్ డబ్బు పెట్టి కొనుక్కోవడమే మేలు. ఇంటర్నెట్, ఉత్తరాలు, పద్దులు, పిల్లల చదువు వరకే అయితే దొంగ విండోస్ కంటే, దాని బదులు ఉచితంగా వేసుకోగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యి రెట్లు నయం. ఉచితం గనుక పనికిరాదని దుకాణంవారు చెప్పే మాట పట్టించుకోకండి. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో, దీర్ఘకాల మద్దతు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్‌కు ఐదేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు ఉచితంగానే వస్తాయి. యూనికోడ్ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికతో చక్కగా టైపు అవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని వెళ్లి, ఇన్‌స్టాల్ చేయకుండానే కౌంటర్ దగ్గర నడిపించి వైఫై, సౌండు, కెమెరా చూసుకోవచ్చు. మాకు అమ్మిన ఆ ఆరో తరం మెషీనే ఇప్పుడు ఉబుంటుతో హాయిగా నడుస్తోంది, మేత లెక్కలు లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్రోగ్రాములో ఉన్నాయి.

బిల్లు పారేయకండి. ‘ఒరిజినల్’ అని రాసిచ్చి దొంగది అమ్మితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మేము చేయించాం.