నాక్సోస్‌లో చిన్న హోటల్ బస: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ జారిపోతుంది

గ్రీసులోని నాక్సోస్ దీవి రేవుకు నడిచే దూరంలో, ఇంటివాళ్లే నడుపుకునే చిన్న హోటల్లో ఇద్దరికి సరిపడే గది మే నెలలోనో అక్టోబరు మొదట్లోనో రోజుకు 50 నుంచి 65 యూరోలకు దొరుకుతుంది. ఆగస్టులో అదే గది రెట్టింపు పలుకుతుంది. సాంతోరిని దీవిలో కాల్డెరా (పాత అగ్నిపర్వత బిలం) అంచు కనిపించే గదులకు ఈ ధర ఊసే లేదు. సైక్లడీస్ అనే గ్రీకు దీవుల గుంపులో అన్నిటికంటే పెద్దది నాక్సోస్. సొంత వ్యవసాయం, పాడి, బంగాళదుంపల పొలాలు ఉన్న దీవి కాబట్టి పర్యాటకుల మీద మాత్రమే బతకదు. గది అద్దెల్లోనూ భోజనం ధరల్లోనూ ఆ తేడా తెలుస్తుంది. అందుకే తక్కువ ఖర్చుతో గ్రీకు దీవి చూడాలనుకునేవారికి మా మొదటి సిఫారసు ఇదే. ఇక్కడ మాట్లాడేది ఏదో ఒక్క హోటల్ గురించి కాదు, ఈ ఊళ్లోనూ పక్క బీచుల వెంబడీ ఉన్న ఈ తరహా బసలన్నిటి గురించి.

గది ఎంచుకునేటప్పుడు చాలామంది నక్షత్రాలు చూస్తారు. నాక్సోస్‌లో వాటికంటే రేవు నుంచి ఎంత దూరం అన్నదే ఖర్చును తేలుస్తుంది. ఫెర్రీ దిగేది హోరా అనే ప్రధాన పట్టణంలోనే. బస్సులు బయల్దేరేది కూడా ఆ రేవు ఎదుటి నుంచే. హోరాకు దక్షిణంగా పది పదిహేను నిమిషాల నడకలో సెయింట్ జార్జ్ బీచ్ ఉంది. బోర్డుల మీద ఆగియోస్ గియోర్గియోస్ అని కనిపిస్తుంది. దారి చదునుగా ఉంటుంది, చక్రాల పెట్టె లాక్కుని నడిచేయవచ్చు. సూపర్ మార్కెట్లు, బేకరీలు చుట్టుపక్కలే ఉంటాయి. సముద్రం చాలా దూరం వరకు మోకాలి లోతే కనుక చిన్న పిల్లలున్న వాళ్లకు భయం ఉండదు. ట్యాక్సీ అవసరం ఒక్కసారి కూడా రాదు. తక్కువ బడ్జెట్‌కు దీన్ని మించిన చోటు ఈ దీవిలో లేదు.

పాత ఊరు, అంటే కాస్త్రో కోట చుట్టూ ఉన్న సందులు, ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. 13వ శతాబ్దంలో వెనిస్ వాళ్లు కట్టిన కోట అది. అయితే ఆ సందుల్లోకి వాహనం రాదు, దారి పొడవునా రాతి మెట్లే. 23 కిలోల పెట్టెతో ఎక్కాలంటే నరకం. ‘ఓల్డ్ టౌన్’ అని రాసి ఉన్న గది బుక్ చేసే ముందు, దగ్గర్లోని వాహనాల రోడ్డు నుంచి ఎన్ని మెట్లు ఎక్కాలో యజమానిని అడగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే అసలు వద్దు. ఇక రేవు ఒడ్డునే ఉన్న గదులకు బార్ల సంగీతం, మోపెడ్ల మోత అర్ధరాత్రి దాటేదాకా తప్పదు. అక్కడే కావాలంటే వెనక వైపు కిటికీ ఉన్న గది అడిగి తీసుకోవాలి.

ఆగియోస్ ప్రోకోపియోస్, ఆగియా అన్నా, ప్లాకా బీచులు సెయింట్ జార్జ్ కంటే అందమైనవి, నిజమే. నీళ్లు తేటగా ఉంటాయి, ఇసుక మంచిది. హోరా నుంచి ఐదారు కిలోమీటర్ల దూరంలో మొదలై వరుసగా ఉంటాయి. వేసవిలో బస్సులు బాగానే తిరుగుతాయి, టికెట్టు చవకే. చిక్కల్లా మే, అక్టోబరు నెలల్లో బస్సులు పలచబడటం, రాత్రి ఫెర్రీ దిగినప్పుడు ట్యాక్సీకి 15 నుంచి 20 యూరోలు పెట్టాల్సి రావడం. గదిలో రోజుకు పది యూరోలు తగ్గినా ఆ తగ్గింపు అక్కడే ఆవిరైపోతుంది. అయితే చాలామంది యజమానులు రేవుకు వ్యాన్ పంపిస్తారు, కొందరు ఉచితంగానే. ఫెర్రీ పేరు, చేరే టైము ముందే రాసి పంపి, ‘వ్యాన్ ఉచితమా?’ అని జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. రాత్రి పది దాటాక చేరే ఫెర్రీ అయితే ఇది తప్పనిసరి. చిన్న హోటళ్లలో రాత్రి రిసెప్షన్‌లో ఎవరూ ఉండరు.

ధరలో కనిపించని ఖర్చు ఒకటుంది. గ్రీసు ప్రభుత్వం వసూలు చేసే వాతావరణ సంక్షోభ రుసుము చాలా బుకింగుల్లో కలిసి ఉండదు, హోటల్లో విడిగా కట్టాలి. మనిషికి కాదు, గదికి, రాత్రికి లెక్క. 2025 నుంచి ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు ఒకటి, రెండు నక్షత్రాల హోటళ్లకు 2 యూరోలు, మూడు నక్షత్రాలకు 5, నాలుగింటికి 10, ఐదింటికి 15. ‘రూమ్స్ టు లెట్’ పేరుతో నడిచే గదులకు నక్షత్రాల బదులు తాళంచెవి గుర్తులుంటాయి, వాటికీ 2 యూరోలే. యాప్‌లలో దొరికే ప్రైవేటు ఫ్లాటుకు మాత్రం రాత్రికి 8 యూరోలు. ఐదు రాత్రులకు ఫ్లాటు మీద 40, తాళంచెవి గది మీద 10. ఫ్లాటు అద్దె కాస్త చవకగా కనిపించినా ఈ లెక్క వేసి చూడాలి. ఏ బస అయినా ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. నంబరు లేని బస జోలికి పోవద్దు.

మా ఓటు తాళంచెవి గుర్తున్న ‘స్టూడియో’ గదికే. అంటే మంచం, బాత్రూం, ఓ మూల రెండు పొయ్యిల హాట్‌ప్లేట్, చిన్న ఫ్రిజ్, సింకు. మన తిండి లేనిదే పూట గడవని వాళ్లకు ఇదే అసలు పొదుపు. హాట్‌ప్లేట్ కాయిల్ రకమైతే అడుగు చదునుగా ఉన్న రెండు లీటర్ల కుక్కరు ఏదైనా పనిచేస్తుంది. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కరు వేడెక్కదు, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలుదే కావాలి. ఏ రకమో ముందే అడగండి. కాయిల్ నెమ్మదిగా వేడెక్కి, ఆపాక కూడా వేడిగానే ఉంటుంది. అన్నం మాడకుండా ఉండాలంటే రెండు మూడు నిమిషాల ముందే ఆపేయాలి. గీజరు, ఏసీ, హాట్‌ప్లేట్ ఒక్కసారే వేస్తే గది బ్రేకరు పడిపోవడం పాత భవనాల్లో మామూలే.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలన్న విషయంలో ఒక హెచ్చరిక. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాలు, మాంసం ఉత్పత్తులు తీసుకెళ్లకూడదు. నెయ్యి, పాలకోవా, పాలపొడి అన్నీ ఈ నిషేధం కిందికే వస్తాయి. పచ్చి కరివేపాకును కూడా ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్లలేరు. కందిపొడి, కారప్పొడి సీలు వేసిన ప్యాకెట్లలో పెట్టుకోండి. బియ్యం అక్కడ కొనుక్కోవచ్చు. గ్రీకు పెరుగు గట్టిగా ఉంటుంది, కొంచెం నీళ్లు కలిపితే పెరుగన్నానికి చక్కగా సరిపోతుంది.

గదిలో ఎదురయ్యే అసలు ఇబ్బందులు బాత్రూంలో ఉంటాయి. గ్రీసులో మురుగు పైపులు సన్నవి. టాయిలెట్ కాగితం కమోడ్‌లో వేయకూడదు, పక్కనున్న చెత్తబుట్టలో వేయాలి. కమోడ్‌లో వేస్తే పైపు మూసుకుపోయి, చిన్న హోటల్లో నాలుగైదు గదులకు ఒకేసారి ఇబ్బంది. మనలా జెట్ స్ప్రే ఉండదు, ఓ చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో వేసుకుంటే సరి. వేడినీళ్లకు చాలాచోట్ల డాబా మీద సోలార్ హీటరు ఉంటుంది. సాయంత్రం అందరూ బీచు నుంచి వచ్చి స్నానాలు చేశాక ట్యాంకు చల్లబడుతుంది, మబ్బు రోజుల్లో ఇంకా ముందే. కరెంటు హీటరు స్విచ్ విడిగా ఉందా, ఎక్కడ ఉందో చెకిన్ అప్పుడే చూపించమనండి. డబుల్ బెడ్ అన్నది రెండు సింగిల్ మంచాలు దగ్గరికి జరిపినదే కావచ్చు. మూడో మనిషికి ఇచ్చేది మడత మంచం. గది వైశాల్యం 18 చదరపు మీటర్ల లోపైతే ఆ మడత మంచం వేశాక పెట్టె తెరవడానికి చోటు మిగలదు. తాళంచెవి బిళ్లతో కరెంటు నడిచే గదుల్లో బయటికి వెళ్తే ఫోను చార్జింగ్ ఆగిపోతుంది. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు. సన్నని రెండు పిన్నులది పడుతుంది. వోల్టేజి మాత్రం మనదే, 230.

బయట తినేటప్పుడు శాకాహారులు కంగారు పడక్కర్లేదు. ఫావా అని పసుపురంగు పప్పు వడ్డిస్తారు, ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసిన మన ముద్దపప్పులా ఉంటుంది. వండిన ఆకుకూర హోర్తా, కూరగాయల బ్రియమ్, పెద్ద చిక్కుడు గింజల యియాంతెస్, బేకరీలో పాలకూర స్పనకోపిటా దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. టమాటాల్లో బియ్యం కూరిన యెమిస్తా మాత్రం అడిగి తీసుకోవాలి, కొందరు కైమా కలుపుతారు. ‘హోరిస్ క్రేయాస్’ అంటే మాంసం లేకుండా అని. ఆగస్టు 1 నుంచి 14 వరకు ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస కాలం. ‘నిస్తిసిమో’ అని రాసి ఉన్న వంటల్లో మాంసం, గుడ్లు, పాలు ఏవీ ఉండవు. అయితే రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి ఉపవాసంలో నిషిద్ధం కాదు కనుక అది కూడా అడగాలి. నాక్సోస్ గ్రావియేరా చీజ్, ఈ దీవి బంగాళదుంపలు తినకుండా రావద్దు. టేబుల్ మీద పెట్టే రొట్టెకు మనిషికి ఇంత అని బిల్లులో వేస్తారు, అది మోసం కాదు, అక్కడి పద్ధతి.

ఏథెన్స్ నుంచి రావడానికి పిరెయస్ రేవులో పెద్ద ఫెర్రీ ఎక్కితే ఐదు, ఐదున్నర గంటలు పడుతుంది. కాటమరాన్ రకం వేగమైన పడవ సుమారు మూడున్నర గంటల్లో చేరుస్తుంది, టికెట్టు దాదాపు రెట్టింపు. పెద్దదే ఎక్కండి. డెక్ మీద గాలి ఉంటుంది, అలలకు కడుపులో తిప్పడం తక్కువ. ఎకానమీ టికెట్టుకు సీటు నంబరు ఉండదు కాబట్టి గంట ముందే చేరాలి. ఉదయం ఏడున్నర ప్రాంతంలో బయల్దేరే ఫెర్రీకి విమానాశ్రయం నుంచి మెట్రో అందదు, మొదటి మెట్రో ఆరు దాటాకే. రాత్రంతా తిరిగే ఎక్స్96 బస్సు 5.50 యూరోలకు పిరెయస్ చేరుస్తుంది, గంటన్నర చేతిలో ఉంచుకోండి. సామాను కింది గ్యారేజీ అంతస్తులో, దీవి పేరు రాసి ఉన్న అరల్లో పెట్టాలి. పాస్‌పోర్టు, డబ్బు చేతి సంచిలోనే. నాక్సోస్ దగ్గర ఫెర్రీ ఆగేది కొద్ది నిమిషాలే. ప్రకటన వినగానే కిందికి దిగి నిలబడకపోతే తర్వాతి దీవికి వెళ్లిపోతారు.

ఇద్దరికి, మే నెలలో ఐదు రాత్రుల లెక్క ఇలా వస్తుంది. గది రోజుకు 60 చొప్పున 300, వాతావరణ రుసుము 10, ఫెర్రీ రానూపోనూ ఇద్దరికి సుమారు 180, విమానాశ్రయం బస్సు 22, సగం పూటలు వండుకుంటే తిండికి 200, దీవిలో బస్సులకు 30. మొత్తం 742 యూరోలు. విమానం, వీసా, ఏథెన్స్ బస ఇందులో లేవు. స్కూటరు అద్దెకు తీసుకోవాలనుకుంటే ఊళ్లో ఆర్టీఏ నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి. మీ లైసెన్సులో బైకు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా వర్తించదు. హల్కి, ఫిలోతి, అపెయిరాంథోస్ కొండ ఊళ్లు బస్సులోనే చూడొచ్చు. రోజుకు కొన్నే బస్సులు, తిరుగు బస్సు టైము ఎక్కే ముందే రాసుకోవాలి.

బుకింగ్ క్రమం కూడా ముఖ్యం. గ్రీసుతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రతి రాత్రికీ బస రుజువు, 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. వీసా చేతికి రాకముందు, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని చవక రేటు ఎప్పుడూ తీసుకోవద్దు. ఉచిత రద్దు ఉన్న రేటుతో బుక్ చేసి, వీసా వచ్చాక యజమానికే నేరుగా రాసి ధర అడగండి. వెబ్‌సైట్ కమిషన్ తప్పుతుంది కనుక కొంత తగ్గిస్తారు. అడ్వాన్సు బ్యాంకు బదిలీలో పంపమంటే, మన బ్యాంకు వేసే చార్జీలు ఆ తగ్గింపును మింగేస్తాయి. కార్డు తీసుకుంటారా అని అడగండి.

జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తర గాలి రోజుల తరబడి వీస్తుంది. ముందు వేగపు పడవలు ఆగుతాయి, గాలి ఇంకా పెరిగితే కోస్టుగార్డు పెద్ద ఫెర్రీలనూ ఆపేస్తుంది. అప్పుడు యూరోపియన్ నిబంధనల ప్రకారం టికెట్టు డబ్బు వాపసు గానీ తర్వాతి ఫెర్రీలో చోటు గానీ ఇవ్వాల్సిందే. కానీ కారణం వాతావరణం కాబట్టి ఆ రాత్రి బస ఖర్చు ఫెర్రీ కంపెనీ ఇవ్వనక్కర్లేదు. అందుకే తిరుగు విమానానికి ముందు రోజే దీవి వదిలి, ఆఖరి రాత్రి ఏథెన్స్‌లో ఉండేలా టికెట్లు కొనండి. ఆగస్టు 15న అక్కడ జరిగే మేరీమాత పండుగ వారంలో అయితే ఆగిన ఫెర్రీ తర్వాతిది కూడా నిండిపోయి ఉంటుంది. ఆ వారంలో వెళ్లక తప్పకపోతే ఏథెన్స్‌లో రెండు రాత్రులు ఉంచుకోండి.