లివింగ్‌స్టన్ నుంచి హంట్స్‌విల్ దాకా: నడక మేలా, దీక్ష మేలా, సంతకాలు మేలా?

మా అక్క కొడుకు ఆస్టిన్‌లో చదువుకుంటున్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "మామయ్యా, మరణశిక్ష వద్దంటూ మేం నలుగురం పాదయాత్ర చేద్దామనుకుంటున్నాం. లివింగ్‌స్టన్ నుంచి హంట్స్‌విల్ దాకా. దానివల్ల ఏమైనా ఒరుగుతుందా, లేక ఆ మూడు రోజులూ సంతకాలు సేకరిస్తే మేలా?" అని అడిగాడు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

ముందు ఆ దారి గురించి. టెక్సస్‌లో మరణశిక్ష పడిన మగవాళ్లను 1999 నుంచి లివింగ్‌స్టన్ దగ్గరున్న జైల్లో ఉంచుతున్నారు. శిక్ష అమలు చేసేది మాత్రం హంట్స్‌విల్‌లో, ఊళ్లోనే ఉన్న ఎర్ర ఇటుకల పాత జైల్లో. రెండింటికీ మధ్య 70 కిలోమీటర్ల దూరం. 1982 డిసెంబరులో మొదటిసారి సూదిమందుతో ప్రాణం తీసినప్పటి నుంచి ఇప్పటిదాకా హంట్స్‌విల్‌లో 590 మందికి పైగా చనిపోయారు. కాబట్టి దారి ఎంపికలో పిల్లలు పొరపాటు చేయలేదు.

నాకు బాగా తెలిసింది ఆ జైలు బయట నిలబడడం. హ్యూస్టన్ నుంచి కారులో వెళ్లి నాలుగుసార్లు నిలబడ్డాను. శిక్ష అమలు సాయంత్రం ఆరు దాటాక మొదలుపెడతారు. వీధి మొదట్లో పసుపుపచ్చ టేపు కడతారు, దాని ఇవతలే మనం ఉండాలి. జైలు ముఖద్వారం పైన పెద్ద గడియారం ఉంటుంది. అందరి చూపూ దాని మీదే. లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పరు. ఎదురుగా ఉన్న ఆఫీసు భవనంలోంచి సాక్షులు రోడ్డు దాటి జైల్లోకి వెళతారు, కొంతసేపటికి మళ్లీ రోడ్డు దాటి వస్తారు. వాళ్లు తిరిగొస్తుంటేనే అయిపోయిందని తెలుస్తుంది. మొదటిసారి నేను వెళ్లినప్పుడు మేం పదకొండు మందిమి. దగ్గర్లోనే యూనివర్సిటీ ఉంది, పిల్లలు సంచులు భుజాన వేసుకుని మమ్మల్ని దాటుకుంటూ వెళ్లిపోయారు. అలా నిలబడడం ప్రచారం కాదు. చనిపోతున్న మనిషిని ఒంటరిగా వదలకుండా ఉండడం. అది చేయాల్సిందే, కానీ దానితో ఎవరి మనసైనా మారుతుందని ఆశపడి వెళ్లకూడదు.

నిరాహార దీక్ష కూడా దాదాపు అలాంటిదే. వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు ముందు 1994 నుంచి ఏటా జూన్ 29 మొదలు జూలై 2 దాకా దీక్ష జరుగుతోంది. 1972 జూన్ 29న ఆ కోర్టు దేశంలోని మరణశిక్ష చట్టాలను కొట్టేసింది, 1976 జూలై 2న మళ్లీ తలుపు తెరిచింది. ఆ రెండు తేదీలకు గుర్తుగానే ఈ నాలుగు రోజులు. పాతవాళ్లు ఏడాదికోసారి కలుసుకుని బలం తెచ్చుకోవడానికి మంచిదే. కొత్తగా వచ్చే నలుగురు కుర్రాళ్లకు నేనైతే దీన్ని మొదటి అడుగుగా చెప్పను.

ఇక నడక. మనకు పాదయాత్ర కొత్త కాదు. పోచంపల్లిలో 1951లో మొదలైన భూదానం కోసం వినోబా భావే ఏళ్ల తరబడి నడిచారు. ఆ నడక ఊరి నుంచి ఊరికి, మనుషుల మధ్య నుంచి సాగింది. అమెరికా హైవే అలా ఉండదు. పక్కనుంచి లారీ దూసుకుపోతే ఆ గాలికి చేతిలో అట్ట ఎగిరిపోతుంది. ఆ వేగంలో అట్ట మీద ఏం రాశామో డ్రైవరు చదవలేడు. కొందరు హారన్ కొడతారు, అది మద్దతో తిట్టో తెలియదు. 2006లో ఒక ర్యాప్ గాయకుడు ఇలాగే మరణశిక్ష వద్దంటూ న్యూజెర్సీ నుంచి టెక్సస్ దాకా నడిచాడు. ఆ మనిషి పట్టుదలకు దణ్ణం పెట్టాలి. కానీ మరుసటి ఏడాది, 2007 డిసెంబరులో, మరణశిక్షను రద్దు చేసింది ఆయన బయల్దేరిన న్యూజెర్సీయే, చేరిన టెక్సస్ కాదు. న్యూజెర్సీ చట్టసభ ఒక కమిషన్ వేసింది, హతుల కుటుంబాల మాట విన్నది, నివేదిక తెప్పించుకుని ఓటు వేసింది. శిక్ష కోసం ఎదురుచూస్తున్న ఎనిమిది మందికీ ప్రాణం దక్కింది.

ఇంతవరకూ చదివితే నడక దండగ అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. బిల్ పెల్కీ కథ తెలిశాక మనసు మార్చుకున్నాను.

ఆయన ఇండియానాలో ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపేవాడు. 1985లో ఆయన నాయనమ్మ రూత్ పెల్కీని ఇంట్లోనే పొడిచి చంపారు. 78 ఏళ్ల ఆవిడ, చుట్టుపక్కల పిల్లలకు బైబిల్ పాఠాలు చెప్పేది. పొడిచిన పిల్ల పౌలా కూపర్‌కు అప్పుడు 15 ఏళ్లు. మరుసటి ఏడాది ఆ పిల్లకు మరణశిక్ష వేశారు. శిక్ష పడాల్సిందే అనుకున్న బిల్, 1986 నవంబరులో ఒక రాత్రి క్రేన్ మీద ఒంటరిగా కూర్చుని నాయనమ్మను తలుచుకుని ఏడ్చాడు. ఆవిడ ఉంటే ఆ పిల్లను చంపమనేది కాదని ఆయనకు తోచింది. అప్పటి నుంచి ఆ పిల్ల ప్రాణం కోసం కాళ్లకు బలపం కట్టుకు తిరిగాడు. ఇటలీలోనే లక్షల మంది సంతకాలు చేశారు, పోప్ జాన్ పాల్ రెండు అభ్యర్థించారు. 1989లో ఇండియానా సుప్రీంకోర్టు మరణశిక్షను 60 ఏళ్ల జైలుగా మార్చింది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. 1990లో ఫ్లోరిడాలోని స్టార్క్ జైలు నుంచి అట్లాంటాలో మార్టిన్ లూథర్ కింగ్ సమాధి దాకా ఒక పాదయాత్ర సాగింది. ఇంచుమించు 500 కిలోమీటర్లు. బిల్ అందులో నడిచాడు. లూసియానా నన్ హెలెన్ ప్రెజీన్ కూడా నడిచింది. ఆ దారి పొడవునా ఎంతమంది మనసు మారిందో నాకు పట్టింపు లేదు. రోజుల తరబడి పక్కపక్కన నడిచినవాళ్లు ఒకళ్ల దుఃఖం ఒకళ్లకు చెప్పుకున్నారు. హతుల కుటుంబాలవాళ్లే ముందు నిలబడి మాట్లాడే యాత్ర ఉండాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1993లో ఇండియానాలో అది నిజమైంది. బడుల్లో, చర్చిల్లో, కాలేజీల్లో, "మా మనిషిని చంపారు, అయినా మా పేరు మీద ఇంకొకరిని చంపొద్దు" అని వాళ్లే చెప్పారు. ఆ మాట మనలాంటివాళ్లం వందసార్లు చెప్పినా దానికి ఆ బరువు రాదు.

హెలెన్ ప్రెజీన్‌కు ఆ విషయం అంతకు ముందే ఎదురైంది. 1980లలో న్యూ ఆర్లియన్స్ నుంచి బాటన్ రూజ్‌కు మూడు రోజులు నడిచి వెళ్తే, హత్యకు గురైన ఒక అమ్మాయి సవతి తండ్రి అక్కడ ఎదురు నిరసనతో నిలబడ్డాడు. హతుల కుటుంబాలను పట్టించుకోకపోవడం తన తప్పేనని ఆవిడ తర్వాత బహిరంగంగా ఒప్పుకుంది.

సంతకాలు, వినతిపత్రాలు ఎప్పుడు పనికొస్తాయో మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎమర్జెన్సీలో నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల కోసం ఎంతమంది మొరపెట్టుకున్నా 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ కేసులో ఉరిశిక్ష పడిన ఇద్దరు యువకుల విషయంలో 1997లో తేదీ కూడా ఖరారయ్యాక సుప్రీంకోర్టు ఆపింది. ఎంతోమంది వినతిపత్రాలు పెట్టాక, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. బస్సులో కాలిపోయిన వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? నాకు ఒక్కటీ తెలియదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కాబట్టి, ఒరే అబ్బాయ్, తేదీ ఖరారైన మనిషి ఉంటే నడక పక్కన పెట్టండి. ఆ వారాల్లో లాయర్లకు సాయం చేయడం, గవర్నరుకు, క్షమాభిక్ష బోర్డుకు ఉత్తరాలు రాయించడం, అంతకు మించి మేలైన పని లేదు. తేదీ లేని కాలంలో నడవండి. కానీ మీరు నలుగురే నడవొద్దు. హత్యలో సొంత మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒక్కరైనా మీతో ఉండాలి. పూర్తిగా నడవలేకపోతే కారులో వచ్చినా సరే, రాత్రి చర్చిలో వాళ్లను మాట్లాడనివ్వండి. పగలు నడక మీకోసం, రాత్రి మాట ఊరికోసం. అలా ఎవరూ దొరక్కపోతే ఈ ఏడాది ఆగి, దొరికేదాకా వెతకండి.

టెక్సస్ ఎండలో జూలై వద్దు. అక్టోబరు 10 ప్రపంచ మరణశిక్ష వ్యతిరేక దినం, ఆ వారం చూసుకోండి. కొత్త బూట్లు వేసుకోవద్దు, రెండో రోజుకే మడమలు బొబ్బలెక్కుతాయి. దారిలో ఒనలాస్కా అనే ఊరు దాటాక సరస్సు మీద పొడుగాటి వంతెన వస్తుంది. దాని పక్కన నడిచే చోటు ఎంత ఉందో ముందే వెళ్లి చూసి రండి. జైలు వ్యాను ఆ దారిన వెళ్లిన రోజుల్లో, లోపలున్న మనిషికి అన్నేళ్ల తర్వాత కనిపించే నీళ్లు అవే, మళ్లీ కనిపించనివీ అవే. మొదటి రోజు నేను మీతో వస్తాను. మోకాలు సహకరిస్తే వంతెన కూడా దాటతాను.