మొదటి పాదయాత్రకు కాళ్లకు ఏది మేలు: బూట్లా, షూలా, శాండల్సా?

నడకయాత్రకు వెళ్తున్నామని చెప్పేవాళ్లు నన్ను దారి గురించి అడగరు, బస గురించి కూడా పెద్దగా అడగరు. అటు తిరిగి ఇటు తిరిగి అందరూ వచ్చి ఆగేది ఒక్క ప్రశ్న దగ్గరే. కాళ్లకు ఏం వేసుకోవాలి? చీలమండ కప్పే బూట్లా, మామూలు షూలా, శాండల్సా, మొక్కు కాబట్టి ఉత్త కాళ్లేనా? పోయిన నెల ముగ్గురు అడిగారు. ముగ్గురికీ ఫోన్లో అదే అరగంట ఉపన్యాసం ఇచ్చాక, రాసి పెట్టుకుంటే నయమనిపించింది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది. మొదటి యాత్ర బూట్లతో చేశాను, రెండోది మెష్ షూలతో, అంటే పైన గాలి ఆడే జాలీ గుడ్డ ఉండేవాటితో. మొదటిదాంట్లో మూడో రోజుకే కుంటుతున్నాను. అయినా బూట్ల తరఫున చెప్పాల్సింది ఉంది, అది దాచను.

ఇంటి దగ్గర పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడిచి రావడం వేరు, రోజుకు 25, 30 చొప్పున వరసగా ఇరవై రోజులు నడవడం వేరు. 30 కిలోమీటర్లంటే ఇంచుమించు 40,000 అడుగులు. ఒక్కో పాదం 20,000 సార్లు లేచి దిగుతుంది. ఇంటి దగ్గర కాస్త ఒరుసుకుని ఊరుకునే కుట్టు అక్కడ నెత్తురు కళ్లజూస్తుంది.

ముందు బూట్ల సంగతి. రాళ్లు, మంచు, చలి, వీపున బరువైన సంచి, ఇవన్నీ ఉన్న దారైతే బూట్లే వేసుకోండి, ఇందులో వాదన లేదు. కైలాస పరిక్రమ 52 కిలోమీటర్లే కావచ్చు, కానీ మధ్యలో డోల్మా లా కనుమ 5,600 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ పాదం వెచ్చగా ఉండటం సౌకర్యం కాదు, అవసరం. ఇదివరకే ఒకసారి చీలమండ మెలిక పడి, ఇప్పటికీ ఎగుడుదిగుళ్లలో అడుగు వేయడానికి జంకేవాళ్లకు కూడా బూటు ధైర్యాన్నిస్తుంది. ఆ ధైర్యం విలువ తక్కువేం కాదు.

కానీ చాలా యాత్రా మార్గాలు అలాంటివి కావు. జపాన్‌లో షికోకు దీవి చుట్టూ ఉండే 88 ఆలయాల యాత్ర ఇంచుమించు 1,200 కిలోమీటర్లు, అందులో చాలా భాగం తారురోడ్డే. స్పెయిన్‌లో సాంతియాగోకి వెళ్లే కమీనో అనే క్రైస్తవ యాత్రలో ఫ్రెంచ్ దారి 780 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పిరనీస్ కొండల అవతల, ఫ్రాన్స్ వైపు మొదలుపెట్టినవాళ్లకు తొలిరోజే గట్టి ఎక్కుడు తగులుతుంది, ఆ తర్వాత చాలావరకు మట్టిబాటలు, కంకర, రోడ్లు. ఇలాంటి చోట బూటు బరువు దండగ. ఒక్కో బూటు ఆరు వందల గ్రాములు, ఒక్కో షూ మూడు వందలు అనుకోండి. తేడా మూడు వందల గ్రాములే, చేతిలో పట్టుకుంటే తెలియదు. దాన్ని 20,000 సార్లు ఎత్తితే రోజుకు ఒక్కో కాలితో ఆరు టన్నులు అదనంగా మోసినట్టు. సాయంత్రానికి ఆ లెక్క పిక్కలకు తెలుస్తుంది.

బరువు ఒక్కటే అయితే నేనూ సర్దుకుపోయేదాన్నే. నా బూట్లు ఖరీదైనవి, వాటర్‌ప్రూఫ్‌వి. రెండో రోజు మధ్యాహ్నం వాన పడింది. గంటసేపు లోపలికి చుక్క రాలేదు, భలే కొన్నాననుకున్నాను. తర్వాత ప్యాంటు మీద నుంచి కారిన నీళ్లు చీలమండ దగ్గర నుంచి లోపలికి దిగాయి. ఇక అంతే. నీళ్లను లోపలికి రానివ్వని ఆ పొర, లోపలికి వచ్చిన నీళ్లను బయటికీ పోనివ్వలేదు. రాత్రి పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కాను. పొద్దున్నే చెయ్యి పెడితే చల్లగా, చెమ్మగా అలాగే ఉన్నాయి. వాటిలోనే కాళ్లు దూర్చి బయల్దేరాను, వేరే గతి లేక. పదకొండింటికల్లా కుడి మడమ వెనక నిప్పు పెట్టినట్టు మంట మొదలైంది. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని ఓర్చుకున్నాను. బసలో సాక్స్ తీస్తే దానితోపాటే రూపాయి బిళ్లంత తోలు వచ్చింది.

పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉన్నారు, అప్పటికే రెండు మూడు యాత్రలు చేసినవారు. నా బూటు చేతిలోకి తీసుకుని లోపల వేళ్లు పెట్టి చూశారు.

"ఏంటమ్మా ఇది, ఇంత తడిగా ఉంది?"

"వాటర్‌ప్రూఫ్ అండీ."

"అవును మరి. నీళ్లు ఎటూ పోకుండా బాగా కాపాడుతోంది."

అప్పుడు నాకు నవ్వు రాలేదు గానీ, ఆ తర్వాత నేను అందరికీ చెప్పే సలహా మొత్తం ఆ ఒక్క మాటలోంచి వచ్చిందే. షూ కొనేటప్పుడు అందరూ అడిగేది నీళ్లు లోపలికి రావు కదా అని. అడగాల్సింది, తడిస్తే ఎంతసేపట్లో ఆరుతుందని. వాన ఒక్కటే కాదు, ఎండలో చెమట కూడా నీళ్లే. అది బయటి నుంచి రాదు, లోపలే పుడుతుంది, దాన్ని ఏ వాటర్‌ప్రూఫూ ఆపదు.

తడికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, బొబ్బ పుట్టే తీరే అలాంటిది. చెప్పు కరిచిందంటే పైన చర్మం అరిగిపోయిందనుకుంటాం. నిజానికి బొబ్బలో జరిగేది వేరు. అడుగు వేసినప్పుడు లోపల ఎముక ముందుకు జరుగుతుంది, చర్మం మాత్రం సాక్స్‌కు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఈ లాగులాటలో చర్మం పొరలు లోపల విడిపోతాయి, ఆ ఖాళీలో నీరు చేరుతుంది. పొడిగా ఉన్న చర్మం సాక్స్ మీద కాస్త జారుతుంది. చెమ్మగా ఉన్నది పట్టుకుని వదలదు. పైగా నానిన చర్మం మెత్తబడి త్వరగా చిరుగుతుంది. మోకాలి నొప్పికి కర్ర సాయం ఉంది, అలసటకు నిద్ర ఉంది. మడమ మీద విచ్చిన బొబ్బ మాత్రం ప్రతి అడుగుకూ గుర్తు చేస్తుంది. దాన్ని కాచుకోవడానికి కాలు వంకరగా వేస్తాం, రెండు రోజుల్లో మోకాలు కూడా పట్టేస్తుంది.

అందుకే నా ఓటు పొర లేని మామూలు మెష్ షూకి, కింద కాస్త పట్టున్న ట్రైల్ రన్నింగ్ (మట్టిబాటల మీద పరుగెత్తడానికి చేసిన) రకానికి. వానలో క్షణాల్లో తడుస్తుంది, నిజమే. కానీ వాన వెలిశాక నడుస్తుంటేనే నీళ్లు బయటికి పోతాయి, సాక్స్ మార్చుకుని ఒకటి రెండు గంటలు నడిస్తే పాదం మళ్లీ దారిన పడుతుంది. కొత్తవాటిని సాగదీయడానికి బూట్లకు పట్టినన్ని వారాలు పట్టదు.

సైజు దగ్గర మాత్రం అందరూ తప్పు చేస్తారు. ఎన్నో ఏళ్లుగా వేస్తున్న నంబరే అడిగి తెచ్చుకుంటారు. రోజంతా నడిస్తే పాదం ఉబ్బుతుంది, కాబట్టి సాయంత్రం పూట, కాస్త నడిచాక, యాత్రలో వేసుకోబోయే సాక్స్‌తోనే వేసి చూడండి. పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. చాలామందికి అది మామూలు సైజు కన్నా అర నుంచి ఒక నంబరు పెద్దదవుతుంది. వేళ్ల దగ్గర వెడల్పు చాలకపోతే పొడవు పెంచి లాభం లేదు, వేరే మోడల్ చూసుకోవాలి. దిగుడులో వేళ్లు ముందుకు కొట్టుకుని గోళ్లు నల్లబడటం కూడా ఈ ఇరుకు వల్లే. లేసులు చివరి రెండు కన్నాల దగ్గర ఉచ్చులా వేసి బిగిస్తే మడమ వెనక్కి కుదురుకుంటుంది, వేళ్లు బతుకుతాయి.

మెష్ షూకి ఉన్న పెద్ద లోటు ఆయుష్షు. అడుగున ఉండే నురగ 500 నుంచి 800 కిలోమీటర్లకు చచ్చుబడుతుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది, అరికాలికి మాత్రం రోడ్డు తగులుతూ ఉంటుంది. రెండు వారాల యాత్రకు ఒక జత బ్రహ్మాండంగా సరిపోతుంది. 1,200 కిలోమీటర్ల దారైతే మధ్యలో మార్చాల్సిందేనని ముందే అనుకోవాలి. బూటు ఈ విషయంలో నిస్సందేహంగా గెలుస్తుంది.

శాండల్స్ అంటే కొందరికి చిన్నచూపు. నాకు లేదు. ఆరడమే గీటురాయి అయితే శాండల్‌ని మించింది లేదు కదా. మహారాష్ట్రలో ఆషాఢ ఏకాదశికని ఆళంది నుంచి పండరీపురానికి నడిచే వార్కరీ భక్తులది వానలో, బురదలో నడక, అక్కడ మూసి ఉన్న షూ ఆరే ప్రసక్తే లేదు. వెనక పట్టీ ఉండి, మందంగా ఉన్న అడుగుతో, మడమ ఊగకుండా పట్టుకునేవి కావాలి. ఉత్త వేలి చెప్పులు వద్దు, వేళ్లతో వాటిని పట్టుకోవడానికే సగం శక్తి పోతుంది. చిక్కులు రెండు. కంకర దారిలో పది నిమిషాలకోసారి రాయి దూరుతుంది, ఆగి దులపాలి. గాలికి, దుమ్ముకు మడమలు ఎండి పగులుతాయి, పగులు లోతైతే బొబ్బకన్నా మొండిది. రాత్రి వ్యాజిలిన్ రాసి సాక్స్ తొడుక్కుని పడుకుంటే చాలావరకు అదుపులో ఉంటుంది. ఏడాది పొడుగునా శాండల్స్‌లోనే తిరిగేవాళ్లు యాత్ర కోసమని షూలోకి మారాల్సిన పని లేదు. జీవితమంతా షూలోనే ఉన్న పాదాన్ని మాత్రం యాత్రలో శాండల్‌కి అలవాటు చేయకండి.

ఉత్త కాళ్ల విషయంలో మేలు కీడుల లెక్క వేయడం నా పని కాదు, అది మొక్కుకు సంబంధించింది. రెండు మాటలే. ఎండలో తారు రోడ్డు చర్మం కాలేంత వేడెక్కుతుంది, కాబట్టి చీకటితో బయల్దేరి ఎండ ముదిరేలోపు ఆపేయాలి. తప్పక నడవాల్సి వస్తే రోడ్డు అంచున ఉండే తెల్ల గీత మీద నడవండి, నల్ల తారు కన్నా అది చల్లగా ఉంటుంది. రెండోది, షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఉత్త కాళ్లతో నడవనే కూడదు. ముల్లు దిగినా, కాలినా వాళ్లకు తెలియదు, తెలిసేసరికి పుండు ముదిరిపోతుంది.

కాన్వాస్ షూలు, ఆఫీసు షూలు అని కూడా అడుగుతారు. వద్దు.

సాక్స్ గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. నూలు సాక్స్ చెమటను పీల్చి అక్కడే దాచుకుంటాయి. ఉన్ని కలిసినవి గానీ సింథటిక్‌వి గానీ మూడు జతలు చాలు, ఒకటి కాలికి, ఒకటి సంచి మీద ఆరుతూ, ఒకటి రాత్రికి పొడిగా. మధ్యాహ్నం ఒకసారి మార్చాలి. రెండు గంటలకోసారి షూ విప్పి కాళ్లకు గాలి తగలనివ్వాలి. ఆ పెద్దాయన నాతో చేయించింది ఇదే, మిగిలిన దారంతా. ఎక్కడైనా చురుక్కుమనగానే ఆగి టేపు వేయాలి, బొబ్బ వచ్చాక కాదు. 2016లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వైద్యులు దశలవారీగా 250 కిలోమీటర్లు సాగే పరుగులో పాల్గొన్నవాళ్ల మీద చేసిన అధ్యయనం వెలువడింది. మందుల షాపులో దొరికే మామూలు పేపర్ టేపు ముందే అంటించిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయని అందులో తేలింది. అంత చవక వైద్యం ఇంకోటి నాకు తెలియదు. బొబ్బలోకి దారం గుచ్చి వదిలేసే పాత అలవాటు మాత్రం మానుకోండి, ఆ దారం వెంబడే క్రిములూ లోపలికి వెళ్తాయి.

ఏది కొన్నా పరీక్ష ఒక్కటే. బయల్దేరడానికి మూడు నాలుగు వారాల ముందు, నిండు సంచి వీపున వేసుకుని, శనివారం 20 కిలోమీటర్లు, ఆదివారం మళ్లీ 20 నడవండి. శనివారం ఏ షూ అయినా బాగానే ఉంటుంది. నిజం ఆదివారం పొద్దున బయటపడుతుంది.

మొన్న మా పిన్ని కొడుకు వచ్చాడు, తనూ యాత్రకు వెళ్తున్నాడు. "అక్కా, నువ్వు బూట్లు వద్దంటావని తెలుసు, కానీ ఇవి చూడు, ఐదేళ్ల క్రితం కొన్నాను, ఒక్కసారే వేశాను, కొత్తవే" అంటూ అట్టపెట్టె తెరిచాడు. బూటు తీసుకుని రెండు చేతులతో మధ్యకు వంచాను. అడుగు భాగం ముందు నుంచి సగం దాకా ఊడి వేలాడింది, నేల మీద పొడి రాలింది. పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసే ఆ రకం అడుగులు వాడకపోయినా గాల్లో తేమకే లోపల్లోపల కుళ్లిపోతాయి.

"ఎప్పుడు బయల్దేరేది?" అన్నాను.

"శుక్రవారం."

కొత్తవి కొని సాగదీయడానికి వ్యవధి లేదు. గుమ్మం దగ్గర వాడు విప్పిన శాండల్స్ కనిపించాయి. మడమ దగ్గర వాడి పాదం అచ్చు పడి ఉంది.

"ఇవి ఎన్నాళ్ల నుంచి వేస్తున్నావురా?"

"రెండేళ్లవుతుంది. ఎందుకక్కా?"

ఒకటి తిరగేసి అడుగు చూశాను. అరుగుదల రెండు వైపులా సమంగా ఉంది, పట్టీల కుట్లు గట్టిగానే ఉన్నాయి. వాటితోనే వెళ్లమన్నాను. ఒక టేపు చుట్ట, మూడు జతల సాక్స్ సంచిలో పెట్టి పంపాను.