ఫండోప్లికేషన్ ఆపరేషన్: ఆరేళ్ల అనుభవం

కావలిలో ఉంటాను. పదేళ్లకు పైగా పులితేన్పులతో, గుండెల్లో మంటతో వేగి, చివరికి 2019లో లాపరోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా, నిస్సెన్ ఫండోప్లికేషన్ చేయించుకున్నాను. తిన్నది పైకి ఎగదన్నకుండా పొట్ట పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ పూర్తిగా చుట్టి కుట్టే ఆపరేషన్ ఇది. మనవైపు ఇలాంటి బాధలన్నిటికీ ‘గ్యాసు’ అనే ఒకటే పేరు గనుక, నాది పొట్ట పైభాగం ఛాతీకీ కడుపుకీ మధ్య పొరలా ఉండే ఉదరవితానపు రంధ్రం గుండా ఛాతీలోకి జారిన హయటస్ హెర్నియా అని ఎండోస్కోపీ చేసేదాకా తెలియలేదు. పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్ మాత్ర మంటను తగ్గించేది గాని, పడుకోగానే తిన్నది గొంతులోకి ఎగదన్నడాన్ని ఆపలేకపోయేది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి.

నేను మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఎండోస్కోపీ రిపోర్టు ఒక్కటే చూసి, వచ్చే వారమే చేరిపొమ్మన్నారు. తర్వాత చూపించుకున్న చెన్నై వైద్యుడు మాత్రం అన్నవాహిక కదలికల బలాన్ని కొలిచే మానోమెట్రీ, పైకి ఎగదన్నే ఆమ్లాన్ని కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్ష చూడనిదే కత్తి పట్టనన్నాడు. అన్నవాహిక కదలికలు బలహీనంగా ఉన్నవారికి పొట్ట పైభాగాన్ని దాని చుట్టూ పూర్తిగా చుడితే ముద్ద దిగదని, అలాంటివారికి 270 డిగ్రీల వరకే చుడతారని అక్కడే తెలిసింది. పీహెచ్ పరీక్షకు ముక్కులోంచి సన్నని గొట్టం, నడుముకు చిన్న యంత్రం పెట్టి, రోజూ తినేదే తినమన్నారు. నేను కారం దోశ తిని, మంట పుట్టినప్పుడల్లా మీట నొక్కాను.

ఆపరేషన్ నొప్పి పెద్దది కాదు. తర్వాతి తిండి కష్టమే పెద్దది. రెండు వారాలు గంజి, రాగిజావ, మజ్జిగ. మూడో వారంలో తొందరపడి నమలకుండా మింగిన ఇడ్లీ ముక్క రొమ్ము ఎముక వెనక ఇరుక్కుని, కిందికి దిగక, వాంతి రాక, అరగంటసేపు లాలాజలం కూడా మింగలేకపోయాను. మింగడం మామూలు కావడానికి రెండు నెలలు పట్టింది.

నాకు ముందుగా ఎవరూ సరిగా చెప్పని సంగతి ఒకటుంది. పులితేన్పుతో పాటు మామూలు తేన్పు కూడా పోయింది. మింగిన గాలి పైకి రాదు గనుక పొట్ట ఉబ్బుతుంది, ఆ గాలంతా కింది దారి పట్టవలసిందే. గోలీ సోడా మానేశాను. పెళ్లి పంక్తిలో అందరూ పెరుగన్నం ముగించి లేచేసరికి నేనింకా పప్పన్నం దగ్గరే ఉంటాను, వడ్డించేవాళ్లు విసుక్కుంటారు.

అయినా ఇటుకలు తీసేసి ఆరేళ్లయింది. రాత్రి భోజనంలో చేపల పులుసు తిని, రెండు గంటలాగి వెల్లకిలా పడుకోగలుగుతున్నాను. మాత్రలతోనే బాధ అణిగేవారికి, హెర్నియా లేనివారికి దీన్ని నేను సిఫారసు చేయను. మాత్ర వేసుకున్నా తిన్నది పైకి వచ్చేవారు మాత్రం పై రెండు పరీక్షలూ చేయించుకుని ఆలోచించవచ్చు. నాలుగేళ్లు మాత్ర ముట్టలేదు. నిరుటి నుంచి నెలకు ఒకటి రెండు సార్లు మంట వస్తే వేసుకుంటున్నాను. ఎండోస్కోపీలో మాత్రం చుట్టు సడలలేదనే తేలింది.