ఎవర్టన్ కొత్త స్టేడియం: నాన్నతో ఒక ఆదివారం, బోలెడు లెక్కలు

మా నాన్న తెనాలి పక్కన ఒక సహకార సొసైటీలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసి రిటైరయ్యారు. నేను లివర్‌పూల్‌లో ఒక చిన్న ఆడిట్ ఆఫీసులో అదే పని చేస్తున్నాను. ఫుట్‌బాల్ అంటే ఆయనకు తెలియదు, డబ్బంటే మాత్రం బాగా తెలుసు. విజిట్ వీసా మీద వచ్చిన ఆయన్ని 2025 అక్టోబరు 5న, ఆదివారం, మా ఊరి రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఒకటైన ఎవర్టన్‌కూ, లండన్ క్లబ్బు క్రిస్టల్ ప్యాలెస్‌కూ మధ్య మ్యాచ్‌కు తీసుకెళ్లాను. రెండు టికెట్లకూ ఎంతయిందో రూపాయల్లో చెప్పలేదు. చెప్తే ఇంట్లోంచి కదిలేవారు కాదు.

హిల్ డికిన్సన్ స్టేడియం మెర్సీ నది ఒడ్డున, బ్రామ్లీ-మూర్ డాక్‌లో ఉంది. 1848లో తెరిచిన రేవు అది. నీళ్లున్న చోటును పూడ్చి స్టేడియం కట్టారు. రేవు గోడ అలాగే ఉంచారు, పాత హైడ్రాలిక్ టవర్‌నూ ఉంచారు, గేటు లోపల నేల మీద రాళ్ల మధ్య పాత రైలు పట్టాలు కనిపిస్తాయి. నాన్న మ్యాచ్ సంగతి మరిచిపోయి ఆ పట్టాల దగ్గరే నిలబడిపోయారు. ఇటుకల గోడ మీద అడ్డంగా అల్లినట్టుండే గీతలు ఎవర్టన్ పాత మైదానం గుడిసన్ పార్క్ గుర్తుగా వేసినవి. అది తెలిసినవాళ్లకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. గుడిసన్‌లో నేను చాలాసార్లు ఇనుప స్తంభం వెనక సీట్లో కూర్చుని సగం మైదానమే చూశాను. ఇక్కడ ఒక్క స్తంభం లేదు. మా సీట్లు పై అంతస్తులో ఉన్నా బంతి మీద ఎవరి కాలు పడిందో స్పష్టంగా కనిపించింది. దక్షిణం వైపు స్టాండ్ ఒకే వాలుగా, సుమారు 13 వేల మందితో గోడలా లేస్తుంది. అక్కడినుంచి పాట మొదలైతే కుర్చీ కింద నేల అదురుతుంది. మొత్తం 52 వేల పైచిలుకు సీట్లు, గుడిసన్ కంటే 13 వేలు ఎక్కువ.

కూర్చోగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "ఏరా, ఈ స్థలం వీళ్ల సొంతమేనా?"

200 ఏళ్ల లీజు అన్నాను. "అయితే పట్టా లాంటిదేలే" అన్నారు. అప్పుడు ఆన్‌ఫీల్డ్ కథ చెప్పాల్సి వచ్చింది. లివర్‌పూల్ క్లబ్బు ఆడే ఆన్‌ఫీల్డ్‌లో 1884 నుంచి 1892 దాకా ఆడింది ఎవర్టనే. స్థలం యజమాని జాన్ హౌల్డింగ్‌తో అద్దె దగ్గర గొడవై, ఎవర్టన్ మూటాముల్లె సర్దుకుని గుడిసన్‌కు పోయింది. ఖాళీగా మిగిలిన మైదానం కోసం హౌల్డింగ్ కొత్త క్లబ్బు పెట్టాడు. అదే లివర్‌పూల్. "కౌలు పెంచితే రైతు పోయాడు, ఆసామే సేద్యం మొదలుపెట్టాడు" అని నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు.

ఎందుకంటే ఈ స్టేడియం కథ ఆట కథ ఎంతో, అప్పుల కథ కూడా అంతే. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 2013 నుంచి 2025-26 సీజన్ దాకా ఒక నిబంధన: మూడేళ్లు కలిపి ఒక క్లబ్బుకు 10.5 కోట్ల పౌండ్ల కంటే ఎక్కువ నష్టం రాకూడదు. స్టేడియం కట్టడానికి, కుర్రాళ్ల అకాడమీకి, మహిళల జట్టుకు పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. ఎవర్టన్ నష్టం 12.45 కోట్లని తేల్చారు, అంటే హద్దు దాటింది 1.95 కోట్లు. 2023 నవంబరులో లీగ్ పట్టికలో 10 పాయింట్లు కోసేశారు. అప్పీల్లో అది 6 అయింది. తర్వాతి సంవత్సరపు లెక్కకు 2024 ఏప్రిల్‌లో ఇంకో 2 పోయాయి. అదే లీగ్‌లో క్లబ్బు ఏకంగా దివాలా తీస్తే కోసేది 9 పాయింట్లు. దివాలా తీసినవాడికి 9, రెండు కోట్లు ఎక్కువ నష్టపోయినవాడికి 10! అప్పీల్ బోర్డు తగ్గించింది సరే, అసలు ఆ పది ఎక్కడినుంచి ఊడిపడిందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ తీర్పు తర్వాత మొదటి మ్యాచ్‌కు, మాంచెస్టర్ యునైటెడ్ వచ్చిన రోజున, నేను గుడిసన్‌లో ఉన్నాను. అందరి చేతుల్లో లీగ్ గుర్తు కింద 'అవినీతి' అని రాసిన గులాబీ రంగు కార్డులు. నేనూ ఎత్తాను, అరిచాను. మూడో నిమిషంలో యునైటెడ్ ఆటగాడు గర్నాచో గాల్లో తలకిందులై గోలు కొట్టాడు, 3-0తో ఓడాం. గొంతు పోయి ఇంటికొచ్చి, సోమవారం ఆఫీసులో కాఫీ తాగుతూ తీర్పు మొత్తం చదివాను. చదివాక కార్డు ఎత్తిన చెయ్యి కాస్త బరువెక్కిందనే చెప్పాలి. కొన్ని అప్పుల వడ్డీని స్టేడియం ఖాతాలో వేయాలన్నది మా క్లబ్బు వాదన. ఆ అప్పులు స్టేడియం కోసం తీసుకున్నవి కావని కాగితాలే చెబుతున్నాయి. నా క్లయింటు ఎవరైనా అలా రాసుకొస్తే నేనూ ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. క్లబ్బు తప్పు చేసింది. శిక్ష కొలత వేరే సంగతి.

ఇంటర్వెల్‌లో చిప్స్ తిన్నాం. వాటి మీద వెనిగర్ పోస్తుంటే నాన్న ఆశ్చర్యంగా చూసి, ఉప్పు మాత్రమే వేసుకున్నారు. తిండి గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. ఇంటి దగ్గర పులిహోర తినే బయలుదేరాం.

అప్పటికి ప్యాలెస్ 1-0తో ముందుంది. నాన్న ఆట వదిలేసి, ఆటగాళ్లను ఖాతాల్లో ఎలా రాస్తారని అడిగారు. అయిదు కోట్లకు అయిదేళ్ల కాంట్రాక్టు మీద కొంటే ఏడాదికి కోటి చొప్పున తరుగుదల రాస్తారు. సొంత అకాడమీలో పెరిగిన పిల్లవాడికి కొన్న ధరే ఉండదు కాబట్టి, అమ్మితే వచ్చిందంతా లాభమే. "పెరట్లో పుట్టిన దూడ, సంతలో కొన్న ఎద్దు" అన్నారు నాన్న. అక్కడే ఉంది తిరకాసు. నష్టం హద్దు దాటేలా ఉన్న క్లబ్బుకు, జూన్ 30 లోపు పెరటి దూడను అమ్మడమే సులువైన దారి. 2024 జూన్‌లో న్యూకాజిల్ తన అకాడమీ కుర్రాడు ఎలియట్ ఆండర్సన్‌ను నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు అమ్ముకుంది. అదే నెలలో మా ఎవర్టన్ తన కుర్రాడు డాబిన్‌ను ఆస్టన్ విల్లాకు అమ్మి, విల్లా దగ్గర ఇరోగ్బునమ్‌ను కొంది. రెండు ధరలూ దాదాపు ఒకటే. నిబంధనకు విరుద్ధం కాదు. కానీ అమ్మినవాడు లాభం ఈ ఏడే మొత్తం రాసుకుంటాడు, కొన్నవాడు ఖర్చు కాంట్రాక్టు ఏళ్లకు సర్దుకుంటాడు, ఇద్దరూ ఇద్దరే! నాన్న పగలబడి నవ్వారు. మా ముందు వరసలో పెద్దాయన, ఓడిపోతుంటే ఈ నవ్వేమిటన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు.

చెల్సీ అయితే తన రెండు హోటళ్లను తన గ్రూపులోని కంపెనీకే 7.65 కోట్ల పౌండ్లకు అమ్మింది, తర్వాత మహిళల జట్టునూ అలాగే అమ్మింది. దాన్ని నేను తిట్టిపోశాను, మరి మా ఎవర్టన్ 2025లో చేసిందేమిటి? తన మహిళల జట్టును యజమాని గ్రూపులోనే ఇంకో కంపెనీకి అమ్మింది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు బాగా తగ్గింది.

రెండో సగంలో మా ఎన్‌డియాయ్ పెనాల్టీతో సమమైంది. ఇంకా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుందనగా ప్యాలెస్ డిఫెండర్ తన్నిన బంతి మా గ్రీలిష్‌కు తగిలి గోల్లోకి పోయింది. 2-1. స్టాండు స్టాండంతా ఒక్కసారి లేచింది. నాన్న కూడా లేచి పక్కనున్న తెలియని మనిషి భుజం పట్టుకున్నారు. గ్రీలిష్‌ను 2021లో మాంచెస్టర్ సిటీ 10 కోట్ల పౌండ్లకు కొంది, ఆ రోజుకు ఇక్కడ అరువు మీద ఆడుతున్నాడు. "అంటే బదులు తెచ్చుకున్న ఎద్దు" అన్నారు. అవును నాన్నా.

2025 నవంబరులో క్లబ్బులు ఓటేసి ఈ నష్టం హద్దును మార్చేశాయి. 2026-27 నుంచి జట్టు మీద పెట్టే ఖర్చు, అంటే జీతాలు, కొనుగోళ్ల తరుగుదల, ఏజెంట్ల కమీషన్, ఆదాయంలో 85 శాతం దాటకూడదు. ఆటగాళ్ల అమ్మకాల లాభనష్టాలు కూడా ఆదాయం లెక్కలోకే వస్తాయి. 14 క్లబ్బులు సరే అన్నాయి, 6 వద్దన్నాయి. హోటళ్ల లాంటి బేరాలు ఇక చెల్లవు, అది మంచిదే. ఆ రాత్రి వంటింట్లో కాగితం మీద లెక్క వేశాను. 2023-24లో లివర్‌పూల్ ఆదాయం సుమారు 61 కోట్ల పౌండ్లు, ఎవర్టన్‌ది సుమారు 18.7 కోట్లు. 85 శాతమంటే ఒకరు దాదాపు 52 కోట్లు పెట్టొచ్చు, ఇంకొకరు 16 కోట్లు పెట్టొచ్చు. గుడిసన్‌కూ ఆన్‌ఫీల్డ్‌కూ మధ్య ఒక పార్కు అడ్డం, అంతే.

నాన్న కళ్లజోడు సర్దుకుని కాగితం చూశారు. "ఇది మా పంట రుణంరా. ఎకరానికి ఇంత అని ఇచ్చేవాళ్లం. పదెకరాల ఆసామికి పదింతలు. కౌలు రైతుకు సున్నా. రూలు ఎవరి మీదా పక్షపాతం చూపించలేదు, అందరికీ ఎకరానికి అంతే." కాసేపాగి, "అట్లాగని రూలు లేకుండా ఇచ్చిన ఏడు సగం బాకీలు మునిగాయి" అన్నారు.

ఆ రెండో మాట కూడా నిజమే. ఇక్కడికి దగ్గర్లోనే బరీ అనే ఊరుంది. 2019లో అక్కడి క్లబ్బును, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూపించలేకపోయినందుకు, ప్రీమియర్ లీగ్ కింది శ్రేణుల క్లబ్బులుండే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ నుంచి తీసేశారు. నూట పాతికేళ్ల సభ్యత్వం ఒక్క సాయంత్రంతో పోయింది. కాబట్టి హద్దు ఉండాల్సిందే. కానీ ఆ హద్దును ఆదాయానికి కట్టేయడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. అందరికీ ఒకే అంకె పైకప్పుగా పెట్టాలన్న ఇంకో ప్రతిపాదన కూడా అదే రోజు ఓటుకొచ్చి ఓడిపోయింది. నేనైతే దానికే ఓటేసేవాణ్ణి. పెద్ద ఆసాములు ఒప్పుకోరు, అది వేరే విషయం.

స్టేడియానికి ఐదుకు నాలుగున్నర వేస్తాను. కొత్త నిబంధనకు రెండున్నర, పాతదానికి రెండు. వెళ్లేవాళ్లకు రెండు మాటలు. పెద్దవాళ్లను తీసుకెళ్తే దక్షిణం స్టాండ్‌లో తీసుకోకండి, అక్కడ చాలామంది నిలబడే చూస్తారు. నది గాలి అక్టోబరులోనే ఎముకల్లో దిగుతుంది, మంకీ క్యాపు పెట్టుకుంటే ఎవరూ నవ్వరు. తిరిగి వచ్చేటప్పుడు శాండ్‌హిల్స్ స్టేషన్ వైపు పోయే జనాన్ని చూసి నాన్నే నడుద్దామన్నారు, గోడౌన్ల పక్కనుంచి ఊళ్లోకి నడిచే వచ్చాం.

ఆయన జనవరిలో వెళ్లిపోతారు. ఈలోపు ఇంకో మ్యాచ్ చూపించమన్నారు, ఈసారి ఆన్‌ఫీల్డ్‌లో. పాత కౌలు పొలం ఎట్లా ఉందో చూడాలట.